ప్రమాది సంవత్సరం 1639: చెన్నపట్నం కాగితంలో ఏముంది?



ఆగస్టు 22 దగ్గరికొస్తా ఉంది. ప్రతి ఏడాదీ ఈ సమయానికి మన గుంపులో ఒకే రగడ. "చెన్నై ఊరిని ఇచ్చింది మనవాళ్ళే, ఫ్లెక్స్ పెద్దగా కట్టాలి" అని కొందరు. "ఎందుకయ్యా లేనిపోని తంటా, తమిళవాళ్ళ మధ్య బ్రతికేవాళ్ళం" అని కొందరు. ఈసారి ఇంకో గొడవ కూడా కలిసింది: ఫ్లెక్స్ మీద ఆ నాయకుడి పేరు పక్కన ఏ కులం పేరు వెయ్యాలి అని. పిల్లకాయలు బాగా వేడెక్కి రాస్తా ఉన్నారు. అందుకని ఒక్క ఏడాదిని, 1639ని, తీసుకుని ఆ ఏడాది ఎక్కడ ఏం జరిగింది, మన తీరంలో ఎవరు ఏం చేశారు, ఆ కాగితంలో నిజంగా ఏముంది అని వరుసగా రాస్తున్నాను. కొంచెం పొడుగే. కాఫీ పెట్టుకుని చదవండి.

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఇంట్లో మా నాయన దగ్గర నేర్చుకున్నవి. మాటల్లో తమిళ వాసన వస్తే సర్దుకోండి.

ముందు పంచాంగం. ప్రభవ నుంచి లెక్కేస్తే 1639 ఉగాదికి మొదలైన ఏడాది ప్రమాది. అరవై ఏళ్ళ చక్రం ఆరు మాట్లు తిరిగితే 1999. ఆ ఏడాది కూడా ప్రమాదే అని మనలో చాలామందికి జ్ఞాపకం ఉంటుంది. అంటే చెన్నపట్నం కాగితానికీ మన కాలానికీ మధ్య ఆరు చక్రాలే. మా తాత ముత్తాతల్ని వేళ్ళ మీద లెక్కపెడితే పన్నెండు, పద్నాలుగు తరాలు. అంత దూరమేమీ కాదు.

ఇప్పుడు ఆ ఏడాది లోకంలో పెద్ద వార్తలేంటో చూద్దాం. అప్పుడు పేపరు ఉండి ఉంటే మొదటి పేజీలో ఏం వచ్చేది?

ఢిల్లీలో షాజహాన్ పాదుషా కొత్త రాజధాని షాజహానాబాద్ కట్టిస్తా ఉన్నాడు. ఎర్రకోట పని 1639లో నడుస్తా ఉంది, పూర్తయింది 1648లో. తాజమహలు పని కూడా ఇంకా అవుతూనే ఉంది. పడమర పక్క తురుష్క సుల్తాను నాలుగో మురాద్, ఇరాన్ షా సఫీ ఏళ్ళ తరబడి కొట్టుకుని, అలసిపోయి, మే నెలలో జుహాబ్ అనే చోట ఒప్పందం చేసుకున్నారు. ఇవాళ్టి ఇరాన్, ఇరాక్ సరిహద్దుకు పునాది ఆ ఒప్పందమే. తూర్పు కొసన జపాన్ లో షోగును ఇయెమిట్సు పోర్చుగీసు ఓడలు ఇకపై మా రేవుకు రాకూడదని తలుపు మూసేశాడు. ఐరోపాలో అక్టోబరు నెలలో డచ్చి నౌకాధిపతి ట్రోంప్ ఇంగ్లాండు తీరం పక్కనే స్పెయిన్ నౌకాదళాన్ని తుక్కు చేశాడు. ఆ కడలి మాది అని చెప్పుకునే ఇంగ్లీషు రాజు మొదటి చార్లెస్ చూస్తా ఉండడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాడు. అదే ఏడాది స్కాట్లాండు వాళ్ళు కూడా ఆయన మీద తిరగబడ్డారు. పదేళ్ళు తిరిగేసరికి ఆయన తలకాయే పోయింది.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. 1639లో ఇంగ్లీషు వాళ్ళంటే ఎవరికీ భయం లేదు. సొంత రేవు ముందర జరిగే యుద్ధాన్నే ఆపలేని రాజ్యం అది.

ఆకాశంలో కూడా ఒక వార్త ఉంది. శుక్రగ్రహం సూర్యుడి ముందుగా ఒక చిన్న నల్ల చుక్కలాగా దాటిపోవడాన్ని మనిషి లెక్కగట్టి, వేచి ఉండి చూసింది మొట్టమొదట ఆ ఏడాదే. చూసినవాడు ఇంగ్లాండులోని ఒక పల్లెలో ఉండిన జెరెమయా హొరాక్స్, ఇరవై ఏళ్ళు దాటీ దాటని కుర్రవాడు. ఆయన స్నేహితుడు విలియం క్రాబ్‌ట్రీ ఇంకో ఊర్లో చూశాడు. హొరాక్స్ పాపం ఆ తరువాత రెండేళ్ళు కూడా బ్రతకలేదు. దీనికీ మన చెన్నపట్నానికీ ఒక ముడి ఉంది. 1874లో మళ్ళీ ఆ శుక్ర సంక్రమణం వచ్చినప్పుడు, నుంగంబాక్కం నక్షత్రశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి దాని గురించి ఇంగ్లీషులోనూ మన దేశ భాషల్లోనూ జనానికి అర్థమయ్యేలా చిన్న పుస్తకం వేశారు. 2004లోనూ 2012లోనూ మనం కూడా దాన్ని చూశాం.

హొరాక్స్ సంగతి ఇంకొకందుకు కూడా చెప్పాను. ఆయన చూసిన తేదీ ఇంగ్లాండు లెక్కలో నవంబరు 24, ఇప్పటి మన క్యాలెండరులో డిసెంబరు 4. ఇంగ్లీషు వాళ్ళు అప్పట్లో పాత క్యాలెండరు వాడేవాళ్ళు, అది పది రోజులు వెనక నడిచేది. కాబట్టి చెన్నపట్నం కాగితం ఆగస్టు 22 అంటే మన ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 1. అంతే గాదు, ఆ కాగితం ప్రతుల్లో జూలై 22 అని కూడా ఉంది. కానీ దాన్ని రాయించుకున్న ఫ్రాన్సిస్ డే మచిలీపట్నం వదిలి బయల్దేరిందే జూలై నెలాఖరులో. రాని మనిషి చేతికి కాగితం ఎట్లా ఇస్తారు? అందుకే చరిత్రకారులు ఆగస్టు అని నిర్ణయించారు. తేదీ మీద పంతాలు పట్టేవాళ్ళు ఇది కూడా మనసులో పెట్టుకోండి.

ఇప్పుడు మన పక్కకు వద్దాం.

1565 తళ్ళికోట యుద్ధం జరిగి అప్పటికి 74 ఏళ్ళు. విజయనగరం పాడుబడినా రాజ్యం పేరు పోలేదు. ఆరవీటి వంశం రాజులు పెనుగొండ, చంద్రగిరి, వేలూరు అని కోట మార్చుకుంటా దక్షిణానికి జరిగారు. 1639లో సింహాసనం మీద ఉండింది పెద వేంకటపతి రాయలు. పేరుకు చక్రవర్తి. మదురైలో తిరుమల నాయకుడు, తంజావూరులో రఘునాథ నాయకుడి కొడుకు విజయరాఘవ నాయకుడు, సెంజిలో ఇంకో నాయకుడు ఎవరికి వాళ్ళే రాజులు. తిరుమల నాయకుడు తిరుచ్చి నుంచి రాజధానిని మదురైకి మార్చి, ఇవాళ మనం టిక్కెట్టు కొనుక్కుని చూసే ఆ మహలు కట్టించింది అప్పటికి కొద్ది ఏళ్ళ ముందే. విజయరాఘవుడు స్వయంగా యక్షగానాలు రాసినవాడు, ఆయన కొలువంతా తెలుగు. కావేరి ఒడ్డున తెలుగు వెలిగిన కాలం అది.

ఉత్తరాన గోల్కొండ అబ్దుల్లా కుతుబ్ షాది. ఆయనకు షాజహాన్ ఒత్తిడి వెనక నుంచి ఉంది. వెనక నుంచి తోస్తే మనిషి ముందుకే కదా పోయేది. గోల్కొండ చూపు దక్షిణపు తీరం మీద పడింది. ఇంకో ఐదారేళ్ళలో మీర్ జుమ్లా దండుతో వచ్చి ఈ తీరమంతా పట్టుకున్నాడు.

ఈ నడుమ చెక్కుకున్న చిన్న పాలెం దామర్ల వాళ్ళది. తండ్రి దామర్ల చెన్నప్ప నాయకుడు. కొడుకుల్లో వేంకటాద్రి నాయకుడు వందవాసిలో ఉండి రాయలవారి తరఫున పెత్తనం చేసేవాడు. ఆయన్నే వేంకటప్ప అని కూడా అంటారు. తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూందమల్లిలో ఉండి తీరం చూసుకునేవాడు. వాళ్ళ తీరానికి ఉత్తరాన పులికాట్ లో డచ్చివాళ్ళు, దక్షిణాన శాంతోమ్ లో పోర్చుగీసులు. రెండింటికీ నడుమ 50, 60 కిలోమీటర్లు. వీళ్ళిద్దరికీ ఊరూరా యుద్ధమే. అదే 1639లో సిలోన్ లో తిరికోణమలైని డచ్చివాళ్ళు పోర్చుగీసుల దగ్గర లాక్కున్నారు. గోవా రేవును కూడా అడ్డుకుంటా ఉన్నారు.

ఇంకో దామర్ల సోదరుడు అంకభూపాలుడు కవి. ఉషాపరిణయం అనే తెలుగు కావ్యం రాసి తండ్రి చెన్నప్పకు అంకితం ఇచ్చాడు. ప్రళయకావేరికీ మైలాపూరుకూ, అంటే పులికాట్ డచ్చివాళ్ళకూ శాంతోమ్ పోర్చుగీసులకూ, మధ్య జరిగే కొట్లాటను ఆపేదానికి అయ్యప్ప నాయకుడు నడుమ తండ్రి పేరుతో చెన్నపట్నం కట్టించాడని అందులో ఉంది. ఇంటిమనిషే రాసిన మాట ఇది. ఇంగ్లీషు వాళ్ళు రాసుకున్నదానికి పక్కన పెట్టి చదవాల్సిన తెలుగు సాక్ష్యం ఇదే. మన పిల్లకాయల్లో ఎంతమందికి ఈ పుస్తకం పేరు తెలుసు?

ఇంగ్లీషు వాళ్ళు ఎందుకొచ్చారు? వాళ్ళకు 1611 నుంచి మచిలీపట్నంలో కోఠీ ఉంది. అక్కడ గోల్కొండ అధికారుల పీడ. 1626లో దక్షిణానికి వచ్చి ఇప్పటి నెల్లూరు పక్క దుర్గరాజపట్నంలో ఇంకొకటి పెట్టారు. వాళ్ళు దాన్ని ఆర్మగాన్ అనేవాళ్ళు. అక్కడ మంచి గుడ్డ చాలినంత దొరకలేదు. ఆర్మగాన్ పెద్ద అయిన ఫ్రాన్సిస్ డే తీరం వెంబడి వెతుక్కుంటా వచ్చాడు. ఈ పక్క గుడ్డ ఇంకెక్కడికన్నా 20 శాతం చౌక అని పైవాళ్ళకు రాశాడు. వ్యాపారికి ఆ ఒక్క మాట చాలు. మచిలీపట్నంలో ఆయన పై అధికారి ఆండ్రూ కోగన్ సరే అన్నాడు. నాయకుల దగ్గర మాట కలిపి, వ్యాపారుల్ని, నేతగాళ్ళని పోగుచేసిన దుబాసీగా బేరి తిమ్మన్న పేరు నిలిచింది.

ఇక కాగితం. రైల్వే గూడ్సు ఆఫీసులో ఉద్యోగం చేసినవాడికి ఒక అలవాటు ఉంటుంది. పైన ఉండే తియ్యటి మాటలు వదిలేసి, ఎవరు ఎంత కట్టాలి, ఎప్పుడు కట్టాలి, సరుకు పోతే ఎవరిది బాధ్యత అని నేరుగా కిందికి పోతాం. ఆ కాగితాన్ని అట్లా చదివితే తేలేవి ఇవి.

ఒకటి: మదరాసుపట్నంలో గానీ దాని చుట్టుపక్కల గానీ ఇంగ్లీషు వాళ్ళు తమకు వసతైన చోట కోట కట్టించుకోవచ్చు. కట్టేదాకా ఖర్చు నాయకుడిది. వాళ్ళు లోపల అడుగుపెట్టేటప్పుడు ఆ డబ్బు తిరిగి కట్టెయ్యాలి.

రెండు: కోటలో కుదురుకున్న మొదటి రెండేళ్ళు ఊరి పెత్తనం వాళ్ళదే. ఆ తరువాత రేవు సుంకంలో, రాబడిలో చెరి సగం.

మూడు: కంపెనీ సొంత సరుకు రేవులో దిగినా ఎక్కినా ఎప్పటికీ సుంకం లేదు. నాయకుడి రాజ్యం లోపలికి తీసుకుపోతే మాత్రం మిగతా వ్యాపారులు కట్టేదాంట్లో సగం కట్టాలి.

నాలుగు: నాణెం ముద్రించుకునే హక్కు ఎప్పటికీ వాళ్ళదే. పనివాళ్ళకు కూలి ఇస్తే చాలు.

ఐదు: నేతగాళ్ళకు, అద్దకం వాళ్ళకు, వ్యాపారులకు కంపెనీ ముందుగా ఇచ్చిన డబ్బు రాకపోతే నాయకుడు పూచీ.

చదివారు కదా. ఇందులో ఊరిని అమ్మినట్టు ఎక్కడా లేదు. దానంగా రాసిచ్చినట్టూ లేదు. ఊరు నాయకుడిదే, రాబడిలో సగం ఆయనకు రావాలి. గుత్తకు ఇచ్చినట్టు అనుకోండి. "మనవాళ్ళు చెన్నైని ఇచ్చేశారు" అని గర్వంగా చెప్పేవాళ్ళదీ, "తెలుగు నాయకుడు మన నేలను వెళ్ళగొట్టాడు" అని తిట్టేవాళ్ళదీ, రెండూ కాగితం చదవని మాటలే.

మరి నాయకుడు ఏం ఆశించాడు? అది కూడా ఇంగ్లీషు వాళ్ళ రాతల్లోనే ఉంది. మొదటిది, వ్యాపారం పెరిగితే దేశం బాగుపడుతుంది. రెండోది, వాళ్ళ ఓడల్లో పారసీక దేశం నుంచి గుర్రాలు తెప్పించుకోవచ్చు. మూడోది, బంగాళం పక్కకు మనిషిని పంపి వేట డేగలు, కోతులు, చిలకలు కొనుక్కోవచ్చు. నాలుగోదే అసలుది. కోట గట్టిగా ఉంటే, పక్క రాజులు పైన పడ్డప్పుడు తాను వచ్చి అందులో తల దాచుకోవచ్చు.

గుర్రాల, చిలకల దగ్గర నవ్వొస్తుంది. నాలుగో దాని దగ్గర నాకు నవ్వు రాదు. ఉత్తరాన గోల్కొండ, పైన బలం తగ్గిన రాయలు, సముద్రం పక్క డచ్చివాడూ పోర్చుగీసూ. ఆ మనిషికి నిద్ర పట్టి ఉండదు. మూడో పరదేశిని నడుమ పెట్టుకుంటే మొదటి ఇద్దరూ తగ్గుతారని లెక్క వేశాడు. ఆ రోజు ఆ కుర్చీలో ఎవరున్నా అదే లెక్క వేసేవాళ్ళేమో. ముందే చెప్పాను కదా, 1639లో ఇంగ్లీషువాడంటే ఎవరికీ భయం లేదు.

1640 ఫిబ్రవరిలో డే, కోగన్ కొద్దిమంది సిపాయిలతో వచ్చి దిగారు. దిగీ దిగకముందే తగాదా. కోట ఖర్చు నాయకుడు పెట్టుకుంటాడని వీళ్ళు, నేను అట్లా ఒప్పుకోలేదని ఆయన. మన గూడ్సు ఆఫీసులో రసీదు మీద "పెయిడ్" అని ఉందా, "టు పే" అని ఉందా అని పార్టీలు పోట్లాడే తీరే. చివరికి కంపెనీ డబ్బుతోనే పని మొదలుపెట్టారు. లండన్ లో యజమానులు ఖర్చు చూసి మండిపడి, ఎవరినడిగి కట్టావని కోగన్ ను నిలదీశారు. లోకాన్ని మార్చిన కోట పుట్టుక ఇట్లా బిల్లు తగాదాలో జరిగింది.

నాయకుడికి ఆ కోట పనికొచ్చిందా? లేదు. 1642లో వేంకటపతి రాయలు పోయాడు, శ్రీరంగ రాయలు వచ్చాడు. కొత్త రాజుతో వేంకటాద్రి నాయకుడికి పడలేదు, పెత్తనం పోయింది. 1645లో శ్రీరంగ రాయలు ఇంగ్లీషు వాళ్ళకు కొత్త కౌలు రాసిస్తా ఊరికి శ్రీరంగరాయపట్నం అని తన పేరు పెట్టాడు. ఆ పేరు నిలవలేదు. ఒకటి రెండేళ్ళలో గోల్కొండ దండు వచ్చేసింది. రాయలు పోయాడు, దామర్ల వాళ్ళు పోయారు. కోటలో అద్దెకున్నవాడు మాత్రం కదల్లేదు.

ఆ "చెరి సగం" ఏమైందో కూడా చెప్పాలి. 1672లో గోల్కొండ వాళ్ళతో మాట్లాడి, సగానికి బదులు ఏడాదికి 1,200 వరహాలు అని కంపెనీ ఖాయం చేసుకుంది. రేవు పెరిగినా అంతే, ఊరు పదింతలైనా అంతే. సగం అని ఉండేదాన్ని మొత్తంగా మార్చినప్పుడే ఊరు చేజారింది. 1639 నాయకుడిని తిట్టేవాళ్ళు 1672 పద్దు కూడా ఒకసారి చూడండి. కోటను కత్తితో గెలవలేదు, లెక్కతో గెలిచారు.

ఢిల్లీ ఎర్రకోటా, మన జార్జి కోటా ఒకే కాలంలో లేచినవి. ఒకటి పాదుషా కట్టించింది, ఇంకొకటి అప్పుచేసి కట్టింది. 1858లో ఆఖరి పాదుషా బహదూర్ షాను ఆయన ఎర్రకోటలోనే నిలబెట్టి విచారణ చేసింది జార్జి కోట వాళ్ళ వారసులే. 1639లో ఈ మాట చెప్పి ఉంటే పిచ్చివాడి మాట అనేవాళ్ళు.

ఇప్పుడు పేరు సంగతి. మదరాసు అనేది ఇంగ్లీషు వాళ్ళు పెట్టిన పేరు అని చాలామంది నమ్మకం. 1639 కాగితంలోనే మదరాసుపట్నం అని ఉంది, అంటే వాళ్ళు రాకముందే ఆ ఊరు ఉంది. చెన్నపట్నం అనేది దాని పక్కనే కొత్తగా లేచిన ఊరు. చెన్నప్ప నాయకుడి పేరు మీద వచ్చిందని ఎక్కువమంది చెబుతారు, చెన్నకేశవ పెరుమాళ్ పేరు మీద వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఆ గుడి ఇవాళ్టి హైకోర్టు ఉన్న చోట ఉండేది. 1640లలోనే బేరి తిమ్మన్న, కంపెనీకి తుపాకి మందు తయారుచేసే నాగబట్టన్ దానికి మాన్యాలు రాసిచ్చారు. 1757లో ఫ్రెంచి భయంతో కోట చుట్టూ మైదానం కావాలని ఆ గుడి పడగొట్టారు. తరువాత దేవరాజ ముదలి వీధి పక్కన చెన్నకేశవ, చెన్నమల్లీశ్వర గుళ్ళు జంటగా లేచాయి. ఇప్పుడూ పూజ జరుగుతా ఉంది. పోయి చూడండి.

1996లో ప్రభుత్వం మదరాసు తీసేసి చెన్నై అని పెట్టినప్పుడు తమిళ పేరు తిరిగి వచ్చిందని అందరూ సంతోషపడ్డారు. మనమూ సంతోషపడ్డాం. తమిళ పేరు అని వాళ్ళూ, తెలుగు పేరు అని మనమూ ఒకే పేరును నెత్తిన పెట్టుకున్నాం. దీంట్లో తగాదా ఎందుకు? ఒక పేరును ఇద్దరు బిడ్డలు మాదంటే మాదంటే, ఆ పేరుకు అది గౌరవమే.

ఇంకో మాట. 1639లో ఊరు పుట్టిందని చెప్పేటప్పుడు, మైలాపూరు, తిరువల్లిక్కేణి అప్పటికే ఎంత పాతవో మరిచిపోకూడదు. పార్థసారథి గుళ్ళో పల్లవుల కాలపు శాసనం ఉంది. మన నాయకులు వచ్చేసరికి అక్కడ తమిళ జనం వెయ్యేళ్ళకు పైగా పూజలు చేస్తా ఉన్నారు. కాబట్టి "ఊరు మాది" అనే బానరు కట్టే ముందు ఆ గుడి మెట్ల మీద ఒక నిమిషం కూర్చోండి.

అట్లని మనం నిన్న మొన్న వచ్చినవాళ్ళమూ కాము. కోట కట్టిన కొద్ది ఏళ్ళలోనే వందల నేత కుటుంబాలు అక్కడ చేరాయి. తెలుగు నేతగాళ్ళు, తమిళ నేతగాళ్ళు, అద్దకం వాళ్ళు, చాకలివాళ్ళు, మసులా పడవలు నడిపే పట్నవాళ్ళు, కోమట్లు, చెట్లు. రేవు లేని తీరంలో అలల మీద నుంచి ప్రతి మూటనూ ఒడ్డుకు చేర్చింది ఆ పడవవాళ్ళే. వాళ్ళ పేర్లు ఏ కాగితంలోనూ రాలేదు. అందుకే ఫ్లెక్స్ మీద కులం పేరు సంగతి వచ్చినప్పుడు నాకు 1652 గుర్తొస్తుంది. ఊరు పుట్టి 13 ఏళ్ళు కాలేదు, ఏ వీధిలో ఎవరి ఊరేగింపు పోవాలని వలంగై ఇడంగై కులాలవాళ్ళు కొట్లాడుకున్నారు. పంచాయితీ చేసింది ఎవరు? కోటలో అద్దెకున్నవాడే. మనం కొట్లాడుకున్న ప్రతిసారీ అతని కుర్చీ ఇంకొంచెం ఎత్తు పెరిగింది.

1639కి 19 ఏళ్ళ ముందు జరిగిన ఒక సంగతి చెప్పి ముగింపుకు వస్తాను. 1620లో తంజావూరు రఘునాథ నాయకుడు తరంగంబాడిలో డేనిష్ వాళ్ళకు చోటిస్తా వాళ్ళ రాజుకు బంగారు రేకు మీద జాబు రాయించాడు. ఆ రేకు ఇప్పటికీ డెన్మార్క్ లో భద్రంగా ఉంది. జాబు తమిళంలో ఉంది. కింద సంతకం తెలుగులో ఉంది.

దీన్ని చదివిన రోజు నుంచీ నాకు ఒక నిబ్బరం వచ్చింది. మనల్ని "మీది ఏ ఊరు?" అని ఇక్కడా అడుగుతారు, ఆంధ్రాకు పోతే అక్కడా అడుగుతారు. హొసూరు, కోయంబత్తూరు, రాజపాళయం, కోవిల్‌పట్టి, ఎక్కడివాళ్ళైనా మనందరికీ ఈ అనుభవం ఉంది. దానికి జవాబు ఆ బంగారు రేకే. ఊరి భాషలో జాబు, ఇంటి భాషలో సంతకం. నాలుగు వందల ఏళ్ళుగా మన బ్రతుకు ఇదే. ఇందులో సిగ్గుపడేదీ లేదు, ఛాతీ విరుచుకునేదీ లేదు.

కానీ ఒక భయం ఉంది, అదే ఈ పొడుగు రాతకు కారణం. 1639 కాగితాన్ని ఇవాళ మనం చదువుకునేది ఇంగ్లీషు ప్రతుల్లోనే. ఒప్పందానికి రెండు పక్షాలుంటే, కాగితం దాచుకున్న పక్షం మాటే చరిత్రలో మిగిలింది. కోట ఖర్చు తగాదాలో నాయకుడు ఏమన్నాడో కూడా ఇంగ్లీషువాడి నోటి నుంచే వింటా ఉన్నాం.

మన ఇళ్ళలో ఇప్పుడు అదే జరుగుతా ఉంది. పాత ఇనప్పెట్టెల్లో తెలుగు లిపిలో రాసిన క్రయ పత్రాలు, పెళ్ళి లెక్కలు, గుడి మాన్యాల కాగితాలు, తాటాకు కట్టలు ఉన్నాయి. పిల్లలకు ఆ లిపి రాదు. ఇల్లు మారేటప్పుడు పాత పేపరు కొనేవాడికి కిలో లెక్కన పోతా ఉన్నాయి. ఇంకో ముప్పై ఏళ్ళ తరువాత మన గురించి ఎవరైనా రాస్తే, మనం దాచుకోని కాగితాలతో రాయలేరు కదా.

అందుకని సంఘానికి నా విన్నపాలు మూడే.

ఈసారి ఫ్లెక్స్ కట్టండి, వద్దనను. దాని మీద కులం పేరు వద్దు. దామర్ల అన్నదమ్ముల పేర్లు, బేరి తిమ్మన్న పేరు, వాళ్ళ కింద "నేతగాళ్ళకు, పడవవాళ్ళకు" అని ఒక వరుస, తమిళంలోనూ తెలుగులోనూ వెయ్యండి.

ఫ్లెక్స్ ఖర్చులో సగం మిగిల్చి, ఆగస్టు 22న ఒక స్కానరు సంఘం హాల్లో పెట్టండి. ఎవరింట్లో ఏ పాత కాగితం ఉన్నా తీసుకురమ్మనండి. ఫొటో తీసుకుని కాగితం వెంటనే తిరిగి ఇచ్చెయ్యాలి. ఆస్తి కాగితాలు కాబట్టి ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఏదీ గుంపులో పెట్టకూడదు.

మూడోది, ఆదివారం ఒక గంట పిల్లలకు తెలుగు లిపి. కావ్యాలు చదవాలని కాదు. తాత సంతకం తాము చదవగలిగితే చాలు. నేర్పేదానికి నేను వస్తాను, నాకు పింఛను ఉంది, జీతం అక్కరలేదు. బలపాలు, పలకలు మాత్రం సంఘం కొనివ్వాలి.

ఉషాపరిణయం పాత అచ్చు ప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, నేనే వచ్చి చూసుకుని పోతాను. నేను రాసినదానికి ఎవరైనా ఇంకేదైనా జోడిస్తే సంతోషం. తిట్టేవాళ్ళు కూడా తెలుగు లిపిలోనే తిట్టండి, అభ్యాసం అవుతుంది.